పెంచాలా, ఆగాలా అని నిద్ర పట్టని పలాస చెల్లెలికి

చెల్లీ, నువ్వు రాసినదంతా చదివాను. నాన్నగారి ఆరోగ్యం బాగోక జీడి యూనిట్ నీ చేతికి వచ్చింది. రోజుకి ఐదు బస్తాల జీడిపిక్కలు ఆడుతున్నాయి. దసరాకి ముందు ఆర్డర్లు ఎక్కువొచ్చాయి, ఇవ్వలేకపోయారు. ఇరవై బస్తాలకి పెంచమని యంత్రాలు అమ్మేవాళ్ళూ బంధువులూ చెబుతున్నారు. నీకేమో రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది, ఇక తెల్లారేదాకా లెక్కలే. ఫోన్ చేసిన ప్రతి పార్టీ "నాన్నగారు ఉన్నారా అమ్మా?" అని అడుగుతుంటే, అసలు నేను దీనికి తగనేమో అనిపిస్తోందన్నావు. ఈ భయం పోవాలంటే ఏం చెయ్యాలి అన్నది నీ ప్రశ్న.

నేనూ ఇదే పలాసలో, ఇదే పిక్కల వ్యాపారంలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. మా ఆయన పోయాక షెడ్డు తాళాలు నా చేతికొచ్చాయి. ఆ ఫోన్లు నాకూ వచ్చేవి. అందుకే పెద్దదానిగా కాస్త వివరంగా రాస్తున్నాను.

భయాన్ని పోగొట్టుకోవాలని ముందే పెట్టుకోకు. ఇప్పుడు నీలో రెండు భయాలు ఒకటిగా కలిసిపోయి ఉన్నాయి. ఒకటి డబ్బు భయం, రెండోది పరువు భయం. డబ్బు భయానికి కాగితం మీద సమాధానం దొరుకుతుంది. పరువు భయానికి దొరకదు, దానికి వేరే పని చెయ్యాలి. రెండూ కలిపి మోస్తే ఏదీ తెమలదు. మన ఊళ్ళలో ఇవి అంత గట్టిగా కలిసిపోవడానికి కారణం కూడా ఉంది. మనం పెట్టుబడి తెచ్చేది చిన్నాన్న దగ్గర, మేనత్త కొడుకు దగ్గర, చీటీ పాట దగ్గర. రేపు పెళ్ళిలో పక్క విస్తరిలో కూర్చునేది కూడా వాళ్ళే. వ్యాపారంలో నష్టం వస్తే డబ్బుతో పాటు ఆ పెళ్ళికి వెళ్ళే ముఖం కూడా పోతుందని మనసుకి తెలుసు. కాబట్టి నీ భయం ఎంత పెద్దదన్నది నీ ధైర్యం మీద కన్నా, ఎవరి డబ్బుతో పెరుగుతున్నావన్న దాని మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. నేను గట్టిగా నమ్మేది ఇదే, మిగతా సలహా అంతా దీని చుట్టూనే ఉంటుంది.

ముందు డబ్బు లెక్క. బస్తా అంటే మనకి 80 కేజీలు. ధర రోజూ మారేదే, లెక్క సులువుగా ఉంటుందని బస్తా పది వేలు అనుకుందాం. నెలకి ఇరవై ఐదు రోజుల పని. రోజుకి ఐదు బస్తాలంటే నెలకి 125 బస్తాలు, పన్నెండున్నర లక్షల పిక్కలు. సీజన్‌లో కొని నిల్వ పెట్టినవి, షెడ్డులో పనిలో ఉన్నవి, పప్పు అమ్మి డబ్బు రావలసినవి అన్నీ కలిపి మూడు నెలల సరుకు విలువ ఎప్పుడూ ఇరుక్కుని ఉంటుందనుకో. ఇప్పుడు నీ వ్యాపారంలో తిరుగుతున్నది సుమారు 37 లక్షల 50 వేలు. రోజుకి ఇరవై బస్తాలు చేస్తే అది కోటీ 50 లక్షలు. అంటే యంత్రాల ఖర్చు కాకుండా, పిక్కలకే ఇంకో కోటీ 12 లక్షల పైన కావాలి. యంత్రాలు అమ్మేవాళ్ళు ఈ లెక్క చెప్పరు. వాళ్ళు చెప్పేది యంత్రం ధర, సబ్సిడీ ఎంతన్నదీ మాత్రమే.

రాత్రి రెండింటికి నిన్ను లేపుతున్నది ఈ కోటీ 12 లక్షలే చెల్లీ. అంకె తెలియకపోయినా మనసు పసిగట్టింది. నీకు పిరికితనం ఉందని నేను అనుకోను. ఆ విషయంలో నీ భయం చెప్పింది నిజమే, ఇరవైకి ఒకేసారి దూకొద్దు.

ఇప్పుడు ఐదు నుంచి ఎనిమిది బస్తాలకి వెళ్తే ఎంతవుతుందో చూడు. నెలకి 200 బస్తాలు, 20 లక్షలు. మూడు నెలలకి 60 లక్షలు. అదనంగా కావలసింది ఇరవై రెండున్నర లక్షలు. ఇదీ చిన్న మొత్తం కాదు. కానీ ఈ అంకె పట్టుకుని బ్యాంకు మేనేజరు ముందు కూర్చోవచ్చు, ఇంట్లో మాట్లాడవచ్చు. దీని గురించి ఆలోచిస్తే బుర్ర పనిచేస్తుంది. కోటి గురించి ఆలోచిస్తే గుండె దడ తప్ప ఏమీ తేలదు.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి, చాలామంది దీని దగ్గరే తమని తాము తిట్టుకుంటారు. వ్యాపారం పెరుగుతున్నప్పుడు చేతిలో డబ్బు తగ్గుతుంది. లాభం వస్తూనే ఉంటుంది, శనివారం కూలి బట్వాడాకి మాత్రం డబ్బు చాలదు. అప్పుడు "నాన్న ఉన్నప్పుడు ఇలా ఎప్పుడూ అవలేదు, నాకు చేతకావడం లేదు" అనిపిస్తుంది. నాన్న ఐదు బస్తాల దగ్గరే ఉంచారు కాబట్టి ఆయనకి ఆ ఇబ్బంది రాలేదు. ఎనిమిదికి వెళ్ళే ఎవరికైనా వస్తుంది. లాభమంతా గోడౌన్‌లో పిక్కలుగా, పార్టీల దగ్గర బాకీలుగా ఉంటుంది. అది ముందే తెలిసి ఉంటే ఆ శనివారం టెన్షన్ పడతావు గానీ నీ మీద నీకు నమ్మకం పోదు. నేనైతే కనీసం నాలుగు వారాల బట్వాడా వేరే ఖాతాలో పెట్టి, దాన్ని పిక్కలకి ముట్టుకోను. మన దగ్గర తొక్క తీసేదీ గ్రేడింగ్ చేసేదీ దాదాపు అందరూ ఆడవాళ్ళే. వాళ్ళ వారం కూలి ఆగితే ఆ ఇళ్ళలో పొయ్యి దగ్గరే తెలుస్తుంది. ఆ డబ్బు సిద్ధంగా ఉందంటే నీ భయంలో ఒక పెద్ద ముక్క తీసేసినట్టే.

అప్పు ఎక్కడ తేవాలి? ఊళ్ళో నూటికి రెండు రూపాయలకి ఇరవై లక్షలు తెచ్చావనుకో, నెలకి నలభై వేలు వడ్డీ. ఆరు నెలలు సరుకు నిల్వ ఉంటే రెండు లక్షల నలభై వేలు. అదే బ్యాంకు క్యాష్ క్రెడిట్, అంటే సరుకు చూపించి తీసుకునే అప్పు, ఏడాదికి పదకొండు శాతమైతే నెలకి పద్ధెనిమిది వేల పైచిలుకు. తేడా డబ్బులోనే లేదు. పప్పు ధర పది శాతం పడిపోతే ఇరవై లక్షల సరుకులో రెండు లక్షలు పోతాయి. నూటికి రెండు చొప్పున తెచ్చిన అప్పు, ధర ఏమీ పడకపోయినా ఆరు నెలల్లో అంతకన్నా ఎక్కువ తినేస్తుంది. అంటే సరుకు కొన్న రోజే ఒక నష్టాన్ని కూడా కొనుక్కున్నట్టు. ఆ స్థితిలో ధైర్యంగా ఉండమని నేను ఎవరికీ చెప్పను.

మన దగ్గర ఆడవాళ్ళకి, చిన్న యూనిట్ల వాళ్ళకి బ్యాంకంటే భయం, వడ్డీ వ్యాపారి అంటే చనువు. నాకిది తలకిందులుగా కనిపిస్తుంది. బ్యాంకు షరతులు రాతలో ఉంటాయి. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. సరుకు విలువలో ఒక పావు వంతు వరకు మార్జిన్ తీసేసి మిగతా దాని మీద డబ్బు తీసుకోనిస్తారు. ఇబ్బంది వచ్చినా తొంభై రోజులు దాటాకే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. ఈలోపు వెళ్ళి మాట్లాడుకునే వీలుంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి ఒక పరిమితి దాకా అప్పుకి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆపైన మొత్తాలకి కూడా సీజీటీఎంఎస్‌ఈ (చిన్న పరిశ్రమల అప్పులకి హామీ ఉండే ప్రభుత్వ ట్రస్టు) గ్యారంటీ కింద ఇల్లు తాకట్టు పెట్టకుండా అప్పు ఇచ్చే వీలుంది. మేనేజరు ఆ మాట ఎత్తకపోతే నువ్వే ఎత్తు. ఇల్లు తాకట్టులో ఉన్నప్పుడు చేసే నిర్ణయాలు ఒక రకంగా ఉంటాయి, లేనప్పుడు ఇంకో రకంగా ఉంటాయి. ఇల్లు, అమ్మ బంగారం, చిన్నాన్న డబ్బు, ఈ మూడూ వ్యాపారం బయట ఉంచగలిగితే మిగిలిన భయంతో పని చేసుకోవచ్చు.

యంత్రం కొన్నాక కూడా ప్రతి పిక్కా నీ సొంత డబ్బుతో కొనక్కర్లేదు. జాబ్ వర్కు దొరికితే చెయ్యి. వాళ్ళ పిక్కలు, నీ షెడ్డు, నీ కూలి. లాభం తక్కువే, కానీ ధర పడినా పెరిగినా నీకు సంబంధం ఉండదు. యంత్రం ఖాళీగా ఉందన్న బెంగ తగ్గుతుంది.

సరుకు కొనేటప్పుడు మోసపోతానేమో అన్నావు కదా, దానికి వేరే మందు ఉంది. పైన, మధ్యలో, అడుగున ఉన్న బస్తాల నుంచి గుప్పెడు గుప్పెడు పిక్కలు తీయించు. దళారీ చూపించిన బస్తాలోంచి మాత్రమే తీసుకోకు. అన్నీ కలిపి కేజీ తూచు. ఎన్ని పిక్కలు తూగాయో లెక్కపెట్టు. 180 నుంచి 200 మధ్య వస్తే పిక్క సైజు బాగున్నట్టే. తర్వాత ఒక్కొక్కటీ కోసి మూడు కుప్పలు వేయించు: మంచి పప్పు ఒకటి, మచ్చ పడినవీ ముడుచుకున్నవీ ఒకటి, కుళ్ళువీ తాలువీ ఒకటి. మంచి పప్పు తొక్కతోనే తూచి, మచ్చవాటి బరువులో సగం దానికి కలుపు. 270 గ్రాములు వచ్చిందనుకో, 80తో గుణిస్తే బస్తాకి 21 కేజీల 600 గ్రాములు. వ్యాపారులు దీన్నే పౌన్లలో 48కి దగ్గర ఔటర్న్ అంటారు. ఆరబెట్టి తొక్క తీశాక ఇంకొంత తగ్గుతుంది, అది నీ షెడ్డు పుస్తకంలో ఎంతో చూసుకో. తేమ పది శాతం దాటిన పిక్కలు వెంటనే ఆడించడానికైతే ఆలోచించు, నిల్వకి మాత్రం వద్దు.

ఇదంతా అరగంట, ముప్పావుగంట పని. ఈ పరీక్షలో బస్తాకి ఒక్క కేజీ తేడా పట్టుకున్నావంటే, రోజుకి ఎనిమిది బస్తాల మీద ఎనిమిది కేజీలు. పప్పు కేజీ ఏడు వందలు వేసుకుంటే రోజుకి ఐదు వేల ఆరు వందలు, నెలకి లక్షా నలభై వేలు. దళారీ ఎదురుగా కూర్చుని ఈ మూడు కుప్పలూ వేయించిన రోజున, అతను నీతో మాట్లాడే తీరు మారుతుంది. నాన్నగారు ఉన్నారా అని మళ్ళీ అడగడు. నేను ఇది చాలాసార్లు చూశాను. నీకు నమ్మకం ముందు వచ్చి పని తర్వాత రావాలని ఎదురుచూడకు. తక్కెడ దగ్గర కూర్చో, అది అక్కడే వస్తుంది.

ఇక పరువు భయం, తగనేమో అన్న అనుమానం. 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు దీని మీద ఒక వ్యాసం రాశారు. చదువులో, ఉద్యోగంలో బాగా రాణించిన ఆడవాళ్ళు చాలామంది, తమకి వచ్చిన పేరు అదృష్టం వల్లో ఎవరో పొరబడటం వల్లో వచ్చిందనీ, ఏదో ఒకరోజు తమ అసలు రంగు బయటపడుతుందనీ లోలోపల భయపడుతున్నారని వాళ్ళు గమనించారు. దీన్నే ఇంపోస్టర్ ఫినామినన్ అన్నారు. నువ్వు రాసింది అచ్చంగా అదే. నీకొక్కదానికే ఉన్న లోపం కాదని తెలియడం కోసం ఇది చెబుతున్నాను.

మనకి దానికి తోడు ఇంకొకటి ఉంది. వెనకబడిన జిల్లా, వలసల జిల్లా అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. హైదరాబాద్ హోల్‌సేల్ పార్టీతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మన యాస దాచుకోవాలని గొంతు మార్చేస్తాం. నువ్వూ "మాట సరిగా రాదు" అని రాశావు. చెల్లీ, పలాస పప్పు కొనేవాడికి పలాస యాసే నమ్మకం. అతనికి కావలసింది 320 నంబరు రకంలో నిజంగా 320 గుళ్ళు, అంటే విరగని పప్పులు, తూగుతున్నాయా అన్నది. పౌనుకి, అంటే 454 గ్రాములకి, 320కి మించకుండా రావాలి. బద్ద ఎంత కలిసింది, తేమ ఎంత, లారీ ఎప్పుడు బయలుదేరుతుంది? ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని ఫోన్ ఎత్తు. మన యాసలోనే మాట్లాడు. "నాన్నగారు ఉన్నారా" అంటే, "నాన్నగారు విశ్రాంతి తీసుకుంటున్నారండి, ధర నాతోనే మాట్లాడాలి, చెప్పండి" అను. వివరణ ఇవ్వొద్దు, సంజాయిషీ ఇవ్వొద్దు. ఒక సీజన్ గడిచేసరికి వాళ్ళే నీ పేరుతో ఫోన్ నంబరు సేవ్ చేసుకుంటారు.

అనుమానం వచ్చినప్పుడు ఒక ప్రశ్న వేసుకో: ఇందులో నాకు నిజంగా రాని పని ఏది? "నేను తగను" అంటే దానికి అంతు ఉండదు. "జీఎస్‌టీ రిటర్న్ నాకు అర్థం కాదు" అంటే అకౌంటెంటు పక్కన కూర్చుంటే వచ్చేస్తుంది. "బాయిలర్ దగ్గర ఆవిరి ఎంతసేపు పెట్టాలో తెలీదు" అంటే పాత మేస్త్రి చెబుతాడు. నీ జాబితా రాసి చూడు, నువ్వు అనుకున్నంత పొడుగు ఉండదు.

బాకీ అడగడానికి మొహమాటం, అడిగితే పార్టీ పోతాడేమోనన్న భయం. ఇది కూడా పరువు భయమే. నువ్వు ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించుకున్నావో లేదో రాయలేదు. చేయించుకో, ఆన్‌లైన్‌లో ఉచితం. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం నీలాంటి చిన్న ఉత్పత్తిదారుకి, ముందుగా రాత ఒప్పందం లేకపోతే పదిహేను రోజుల్లో, ఉన్నా 45 రోజులకి మించకుండా డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకి మూడింతలు చక్రవడ్డీ పడుతుంది. గడువులోపు కట్టకపోతే కట్టిన ఏడాది దాకా ఆ ఖర్చుని కొనుగోలుదారు ఆదాయపు పన్నులో చూపించుకోలేడు. ఈ మార్పు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. వాళ్ళ ఆడిటర్లకి ఇది బాగా తెలుసు. బిల్లు మీద ఉద్యం నంబరు, గడువు తేదీ అచ్చు వేయించు. అప్పుడు అడుగుతున్నది నువ్వు కాదు, బిల్లు అడుగుతుంది. కొత్త పార్టీకైతే మొదటి లోడు డబ్బు ముందే తీసుకుని పంపు. ఒప్పుకోని పార్టీని వదులుకుంటే పోయేదేమీ లేదు.

తుఫాను గురించి నువ్వు ఒక వాక్యమే రాశావు, కానీ దాని మీద నాకు పట్టింపు ఎక్కువ. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. దసరా, దీపావళి గిరాకీ కోసం మన గోడౌన్లు నిండుగా ఉండే నెల అది. తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున మన పలాస పక్కనే తీరం దాటింది. షెడ్డు రేకులు లేచిపోయి, కరెంటు లేక, తడిసిన బస్తాలు బయట పరిచి ఆరబెట్టుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. ఇలాంటి భయాన్ని ధైర్యంతో ఎదుర్కోకూడదు, బీమాతో ఎదుర్కోవాలి. ఆస్తి, సరుకు కలిపి ఐదు కోట్ల లోపు ఉన్న యూనిట్లకి 2021 ఏప్రిల్ నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది. తుఫాను, వరద కూడా అందులోనే కవర్ అవుతాయి. సరుకు విలువ సెప్టెంబరులో ఎంత ఉంటుందో దానికి తగ్గట్టు చేయించు. మార్చిలో ఖాళీ గోడౌన్ చూసి బాగా తక్కువ విలువకి చేయిస్తే, నష్టపరిహారం కూడా ఆ నిష్పత్తిలోనే తగ్గుతుంది.

నిద్ర సంగతి. లెక్కలు రాత్రి పూట వెయ్యకు. చీకటి పడ్డాక గుర్తొచ్చినవి పుస్తకంలో ఒక్క ముక్క రాసి మూసెయ్యి, పొద్దున షెడ్డు తెరవకముందు చూసుకో. ఇలా చేసినా వారాల తరబడి నిద్ర లేకపోవడం, ఊరికే గుండె దడ, అన్నం సయించకపోవడం, బతకాలని లేదనిపించడం ఉంటే అది వ్యాపారం విషయం కాదు, వైద్యుడు చూడవలసిన విషయం. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా పగలైనా, ఉచితం. నలుగురికీ తెలుస్తుందేమోనని ఆగకు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, ఆ రోజే ఫోన్ చెయ్యి, ఇంట్లో ఒకరికి చెప్పు.

ఇరవై బస్తాల మాట బంధువులు మళ్ళీ ఎత్తుతారు. వాళ్ళతో వాదన పెట్టుకోకు. ఎనిమిది బస్తాలు రెండు సీజన్లు నడిపి, అప్పు గడువులోపు కట్టి, బట్వాడా ఒక్క వారం కూడా ఆగకపోతే, అప్పుడు పన్నెండు గురించి ఆలోచిస్తానని చెప్పు. ఆ షరతులు కాగితం మీద ముందే రాసుకో. ఎందుకంటే సీజన్ బాగున్న ఏడాది మనకే తొందర పుడుతుంది, భయం లేని ఏడాదే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది.

చివరికి, నాన్నకి చెప్పాలా వద్దా, ఆయన బెంగపెట్టుకుంటారేమో అన్నావు. చెప్పు. కానీ "భయంగా ఉంది నాన్నా" అని ఉత్త చేతులతో వెళ్ళకు. ఐదుకీ ఎనిమిదికీ నువ్వు వేసిన లెక్క పట్టుకెళ్ళి ఆయన పక్కన కూర్చో. ఏ ఏళ్ళలో పిక్కలు కొనడం మధ్యలో ఆపేశారు, ఎందుకు ఆపేశారు అని అడుగు. ముఖ్యంగా తిత్లీ తర్వాత ఏడాది గురించి. ఉద్దానంలో చెట్లు కూలిపోయి, కొత్త మొక్క కాపుకి రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుందనగా, ఆయన ఐదు బస్తాలు ఎక్కడి నుంచి తెచ్చి షెడ్డు నడిపారు, ఎంత ధర పెట్టారు, ఎవరు అప్పిచ్చారు? పాత పుస్తకాలు అటక మీద ఉంటే దింపించి, ఆ ఏడాదిది ఆయన చేతే తెరిపించు.